ప్రీమియం డీటీహెచ్: ధర, బిగింపు విషయంలో అపోహలు – వాస్తవాలు

ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటి డిష్‌కే టెలివిజన్ ప్రసారాలను చేర్చే డీటీహెచ్ పద్ధతికి కేంద్ర ప్రభుత్వం 2000లో అనుమతినిచ్చి, 2001 మార్చిలో మార్గదర్శకాలను ప్రకటించింది. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచిత సేవ, 2006లో నేడు టాటా ప్లేగా వ్యవహరిస్తున్న టాటా స్కై, ఆ వెనుకనే సన్ డైరెక్ట్, ఎయిర్‌టెల్ రంగంలోకి వచ్చాయి. ఇప్పుడు ఇదే సేవ హెచ్‌డీ, 4కే, ఇంటర్నెట్‌తో కలిసి పనిచేసే హైబ్రిడ్ పెట్టెలు అనే పేర్లతో ‘ప్రీమియం’ సేవగా అమ్ముడవుతున్నది. పెట్టెల తీరు మారినంత వేగంగా వాటి గురించిన ప్రజల అవగాహన మారలేదు. అలా మిగిలిపోయిన అపోహలలో కొన్ని ధరకు సంబంధించినవి, కొన్ని బిగింపుకు సంబంధించినవి. డబ్బు నష్టం మాత్రం రెండింటివల్లా ఉన్నది.

అపోహ: కనెక్షన్ తీసుకునే రోజున చెల్లించేదే అసలు ఖర్చు.

డీటీహెచ్ ఖర్చు రెండు రకాలు. సెట్‌టాప్ బాక్సు, డిష్, సంకేతాన్ని అందుకోవడానికి దాని ముందు అమర్చే ఎల్‌ఎన్‌బీ, కేబుల్, బిగింపు కూలి వంటివి ఒక్కసారి పెట్టే ఖర్చు కాగా, చానళ్లను ఇంటిదాకా మోసుకొచ్చినందుకు కంపెనీ తీసుకునే ‘నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు’, ఎంచుకున్న పే చానళ్ల ధర, ఆ రెండింటిపై 18 శాతం జీఎస్‌టీ నెలనెలా తిరిగి వచ్చే ఖర్చులు. కొనుగోలుదారు బేరమాడేది సాధారణంగా మొదటి దాని మీదనే. కంపెనీలు రాయితీ ఇచ్చేదీ దాని మీదనే. నెలకు 400 రూపాయల ప్యాక్ పెట్టుకున్న ఇల్లు ఐదేళ్లలో 24,000 రూపాయలు చెల్లిస్తుందని గుర్తుంచుకుంటే, పెట్టె మీద లభించిన కొన్ని వందల తగ్గింపు ఎంత స్వల్పమో తెలుస్తుంది. ‘బిగింపు ఉచితం’ అన్న ప్రకటన వెనుక కొన్ని నెలల ప్యాక్ సొమ్మును ముందే కట్టాలన్న షరతు ఉండడం అరుదేమీ కాదు. అదనపు కేబుల్, గోడకు బదులు గొట్టం మీద నిలబెట్టడం, కాంక్రీటు దిమ్మె వంటివి ఆ ఉచితంలో కలిసి ఉన్నాయో లేదో పని మొదలు కాకముందే తేల్చుకోవలసిన విషయాలు.

అపోహ: ట్రాయ్ నిబంధన ప్రకారం 130 రూపాయలకు మించి నెట్‌వర్క్ ఫీజు తీసుకోకూడదు.

ఇది ఒకప్పటి వాస్తవం కావడమే ఈ అపోహకు బలం. భారత టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ 2017లో రూపొందించి 2019 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలులోకి తెచ్చిన విధానంలో, పన్ను కాక 130 రూపాయల గరిష్ఠ ఫీజుకు 100 సాధారణ చానళ్లు ఇవ్వాలని ఉండేది; ఒక హెచ్‌డీ చానల్‌ను రెండు సాధారణ చానళ్లుగా లెక్కగట్టేవారు. 2020 సవరణతో అదే మొత్తానికి 200 చానళ్లు వచ్చాయి, అంతకు మించితే గరిష్ఠంగా 160 రూపాయలని, ఒకే ఇంట్లోని రెండో టీవీకి మొదటి దాని ఫీజులో 40 శాతానికి మించరాదని నిర్ణయించారు. చాలామందికి గుర్తున్న 153 రూపాయల చిల్లర సంఖ్య ఆ 130కి 18 శాతం పన్ను కలిపితే వచ్చినదే. అయితే 2024 జులైలో ట్రాయ్ ఈ గరిష్ఠ పరిమితిని తొలగించి, ఫీజు నిర్ణయాన్ని కంపెనీలకే వదిలింది. ప్రాంతాన్ని బట్టి, చానళ్ల సంఖ్యను బట్టి, వినియోగదారుల తరగతిని బట్టి వేర్వేరు ఫీజులు పెట్టుకోవచ్చునన్నది. వాటిని బహిరంగంగా ప్రకటించి, చందాదారుకు తెలియజేయాలన్న షరతు మాత్రం పెట్టింది. బిగింపునకు 350, యాక్టివేషన్‌కు 100 రూపాయలు మించరాదన్న పాత హద్దులు కూడా అప్పుడే పోయాయి. పోటీయే ధరలను అదుపు చేస్తుందన్నది ఈ సడలింపు వెనుక తర్కం. పెట్టె మార్చనిదే కంపెనీ మార్చలేని చందాదారు విషయంలో ఆ పోటీ ఏపాటిదో చివరి అపోహ దగ్గర తేలుతుంది.

దీనికి అనుబంధంగా మరో నమ్మకం ఉన్నది: బిల్లు ఎక్కువైతే ట్రాయ్‌కు రాస్తే సరిపోతుందని. ట్రాయ్ నియమాలు రూపొందిస్తుందే గాని వ్యక్తిగత ఫిర్యాదులను విచారించి తీర్పు చెప్పదు. మొదట కంపెనీ వినియోగదారుల కేంద్రాన్ని, ఆ తర్వాత అదే కంపెనీ నియమించిన నోడల్ అధికారిని, అక్కడా తీరకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవలసి ఉంటుంది.

అపోహ: ప్రీమియం పెట్టె బిగిస్తే బొమ్మ దానంతట అదే మెరుగవుతుంది.

పెట్టె, చానల్, తీగ, టీవీ అనే నాలుగింటిలో ఏది తక్కువ స్థాయిదైతే బొమ్మ ఆ స్థాయికే పరిమితమవుతుంది. 4కే పెట్టెలో సాధారణ చానల్ సాధారణంగానే కనిపిస్తుంది, హెచ్‌డీ చానల్‌కు విడిగా చందా కట్టాలి. హైబ్రిడ్ పెట్టెలోని ఓటీటీ యాప్‌లు డిష్ మీద కాక ఇంటి ఇంటర్నెట్ మీద నడుస్తాయి గనుక ఆ డేటా ఖర్చు వేరు, యాప్ చందా కొన్నిసార్లు వేరు.

అపోహ: డిష్ ఎంత ఎత్తున ఉంటే సిగ్నల్ అంత బాగా వస్తుంది.

ఇది పాత రోజుల ఆలోచన. భూమి మీది టవర్ల నుంచి వచ్చే దూరదర్శన్ తరంగాలకు అడ్డంకులు తప్పించడానికి పొడవాటి గొట్టాల మీద యాంటెన్నాలు ఎత్తిన అలవాటు డిష్‌కూ అంటుకున్నది. డీటీహెచ్ ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమి తిరిగే వేగంతోనే తిరుగుతూ, చూసేవారికి ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లుంటుంది. ఆ దూరంలో పది మీటర్ల మేడ ఎక్కడం లెక్కలోకి రాదు. కావలసింది ఎత్తు కాదు, ఉపగ్రహానికీ డిష్‌కూ మధ్య ఏ అడ్డూ లేకపోవడం.

అడ్డు ఎక్కడ వస్తుందో తెలియాలంటే ఉపగ్రహం ఎటు ఉన్నదో తెలియాలి. దూరదర్శన్ ఉచిత సేవ అయిన డీడీ ఫ్రీ డిష్ వాడే జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల వద్ద ఉన్నది. హైదరాబాద్ నుంచి చూస్తే అది ఆగ్నేయాన, క్షితిజానికి సుమారు 63 డిగ్రీల పైన ఉంటుంది. టాటా ప్లే వాడే జీశాట్-10, జీశాట్-24 ఉన్న 83 డిగ్రీల స్థానం అక్కడినుంచి దక్షిణానికి కాస్త తూర్పుగా, సుమారు 69 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. విశాఖపట్నం రేఖాంశం కూడా దాదాపు 83 డిగ్రీలే కావడంతో అక్కడ అది ఇంచుమించు సూటిగా దక్షిణాననే ఉంటుంది. ఇంత నిటారైన చూపు వల్ల మేలూ ఉన్నది, చిక్కూ ఉన్నది. 63 డిగ్రీల కోణంలో, ఐదు మీటర్ల దూరంలోని ఎదుటి భవనం డిష్ కంటే పది మీటర్లకు పైగా ఎత్తుంటే గాని అడ్డు రాదు, కాబట్టి ఇరుకు సందులో కూడా మేడ మీదికి పోనవసరం లేకుండా పని జరగవచ్చు. అదే కోణం వల్ల, దక్షిణం వైపు బాల్కనీ ఉన్నా, పై అంతస్తు బాల్కనీ శ్లాబు నెత్తిన అడ్డుపడే ప్రమాదం ఉన్నది; డిష్‌ను కమ్మీల బయటికి తెచ్చి బిగిస్తే తప్ప అక్కడ సిగ్నల్ అందదు. ఇళ్లలో వాడే డిష్‌లకు ఎల్‌ఎన్‌బీ నడుమ కాక కింది వైపు ఉంటుంది గనుక, డిష్ ముఖం చూస్తున్నట్లు కనిపించే దిక్కుకంటే ఉపగ్రహం ఇంకా పైన ఉంటుందన్న సంగతి కూడా ఇక్కడ గమనించదగినది.

అపోహ: వానకు సిగ్నల్ పోతే బిగింపు సరిగా లేనట్లే, లేదా కంపెనీ నాసిరకమైనట్లే.

సగమే నిజం. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. దట్టమైన వానలో చినుకులు ఆ తరంగాల శక్తిని పీల్చుకొని, చెదరగొడతాయి కాబట్టి కుంభవృష్టిలో కొన్ని నిమిషాలు బొమ్మ ఆగిపోవడం ఏ కంపెనీకైనా తప్పదు. చిరుజల్లుకే బొమ్మ ముక్కలవుతుంటే మాత్రం డిష్‌ను అనుమానించాలి. అరవై సెంటీమీటర్ల డిష్ చూపు మూడు డిగ్రీల వెడల్పు కూడా ఉండదు. ఒక డిగ్రీ పక్కకు తిరిగినా పొడి వాతావరణంలో బొమ్మ బాగానే కనిపిస్తుంది గాని, వానకోసం ఉంచిన మిగులు శక్తి అప్పటికే ఖర్చయి ఉంటుంది. అందుకే బిగించే మనిషి వెళ్లిపోకముందు టీవీ తెర మీద ‘స్ట్రెంత్’ గీతతో తృప్తిపడక ‘క్వాలిటీ’ గీతను చూడాలి. మొదటిది ఏదో ఒక సంకేతం అందుతున్నదని చెబుతుంది, రెండోది అది సరైన సంకేతమని, శుభ్రంగా అందుతున్నదని చెబుతుంది. ఇక మార్చి రెండో వారం ప్రాంతంలోనూ, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజులపాటు ఎండపూట కొద్ది నిమిషాలు సిగ్నల్ పోవడానికి సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు రావడమే కారణం. దానికి మెకానిక్ చేయగలిగిందేమీ లేదు.

అపోహ: ఒక కేబుల్‌ను చీల్చి రెండు టీవీలకు ఇస్తే రెండో కనెక్షన్ ఖర్చు తప్పుతుంది.

కేబుల్ టీవీలో చెల్లిన ఈ ఉపాయం డిష్ దగ్గర చెల్లదు. డిష్ తీగలో ప్రసారం కిందికి రావడమే కాక, పెట్టె నుంచి ఆజ్ఞలు పైకి కూడా వెళతాయి: పెట్టె 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ నిలువు తరంగాలను, 18 వోల్టులు పంపితే అడ్డ తరంగాలను అందిస్తుంది. ఒకే తీగ మీద రెండు పెట్టెలు రెండు భిన్నమైన ఆజ్ఞలిస్తే ఒకటి చూస్తున్నప్పుడు మరొకదానిలో కొన్ని చానళ్లు మాయమవుతాయి. రెండు లేదా నాలుగు మార్గాలున్న ఎల్‌ఎన్‌బీ పెట్టి, ఒక్కో పెట్టెకు ఒక్కో కేబుల్ లాగడమే ఇళ్లకు అనువైన పద్ధతి. డిష్ మాత్రం ఒకటే చాలు.

అపోహ: డబ్బు కట్టి తెచ్చుకున్న పెట్టె సొంతం కాబట్టి, నచ్చకపోతే దానితోనే వేరే కంపెనీకి మారవచ్చు.

సెల్‌ఫోన్‌లో సిమ్ మార్చినట్లు ఇక్కడ కుదరదు. ప్రతి కంపెనీ తన ప్రసారాలకు సొంత తాళం, అంటే చందా కట్టినవారికే బొమ్మ తెరుచుకునే సంకేతలిపి వ్యవస్థ, వేస్తుంది. ఒకరి పెట్టె మరొకరి తాళం తీయలేదు. అన్ని పెట్టెలూ అన్ని కంపెనీలకూ పనికివచ్చేలా ఉండాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసినా, దుకాణాలలో దొరుకుతున్నవి ఇప్పటికీ కంపెనీ పెట్టెలే. డిష్, కేబుల్ తిరిగి వాడుకోవచ్చు, దిక్కు మార్చి మళ్లీ బిగించాలంతే. పెట్టె మాత్రం కొత్తదే కావాలి. నెలనెలా ఎక్కువ కట్టే చందాదారు సైతం కదలకుండా ఉండిపోవడానికి ఇదే ముఖ్య కారణం, ప్రీమియం పెట్టె ఖరీదు పెరిగేకొద్దీ ఈ బంధం బిగుస్తుంది. పైగా ఆ పెట్టె నిజంగా సొంతమేనా అన్నది చందాదారు ఎంచుకున్న పథకాన్ని బట్టి ఉంటుంది: పూర్తిగా కొన్నదైతే వారంటీ ముగిశాక మరమ్మతు భారం చందాదారుదే, అద్దెకో, వాడుక హక్కు మీదో ఇచ్చినదైతే అది కంపెనీ ఆస్తిగానే ఉండి, సేవ మానినప్పుడు తిరిగి ఇవ్వవలసి రావచ్చు. ఏ పథకమో, వారంటీ ఎన్నాళ్లో, ఇల్లు మారినప్పుడు డిష్ విప్పి బిగించడానికి ఎంత తీసుకుంటారో కనెక్షన్ దరఖాస్తు పత్రంలో రాసి ఉంటుంది. దాని ప్రతిని సంతకం చేసిన రోజునే అడిగి తీసుకోవచ్చు.