మన పేరు, మన పత్రం, మన ఫోను

1903 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి ఫిజీ చేరిన మన పెద్దలలో ఎందరో చదువురాక, గిర్మిట్ కాగితంలో ఏమున్నదో ఇతరులు చెప్పినంతే నమ్మి, అయిదేండ్ల చాకిరీకి కట్టుబడ్డారు. నేడు మనకు చదువున్నది. అయినా మనకు తెలియకుండానే మన పేర ఒప్పందాలు జరిగే కాలమిది.

ఫిజీలో 2010 నాటి చట్టం ప్రకారం సిమ్‌కార్డుకు గుర్తింపు పత్రం తప్పనిసరి. న్యూజీలాండులో జాతీయ గుర్తింపు కార్డు లేదు. ముందుగా డబ్బు కట్టే సిమ్ము ఏ పత్రమూ చూపకుండానే దొరుకుతుంది. కాని నెలనెలా బిల్లు కట్టే ఫోనుకు లైసెన్సో, పాస్‌పోర్టో అడుగుతారు. వాటి నకలు దొంగకు చిక్కితే మీ పేర ఫోను తీసుకొని బాకీ మీపై వేయవచ్చు. మీ నంబరునే తన సిమ్ముకు మార్పించుకోవచ్చు. అప్పుడు బ్యాంకు పంపే రహస్య సంఖ్యలు అతనికే చేరుతాయి.

కనుక ఫ్లాట్ బుష్‌లోని మన కుటుంబాలవారు, ముఖ్యంగా పెద్దవారు, ఈ జాగ్రత్తలు పాటించాలి. నకలు ఇచ్చేటప్పుడు ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇచ్చారో దానిపై అడ్డంగా వ్రాయండి. తెలియనివారు ఫోనులో అడిగితే పత్రం ఫోటో పంపకండి. ఉన్నట్టుండి సిగ్నలు పోయి తిరిగి రాకపోతే, వేరొక ఫోనునుండి వెంటనే ఫోను కంపెనీకి, బ్యాంకుకు తెలియజేయండి. అనుమానపు సందేశాలను 7726కు పంపండి. 

పత్రం చేయి దాటేముందు ఒక్క ప్రశ్న అడగటం తప్పుకాదు.