వారానికి మూడు రోజులు

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు నాకూ నా మిత్రుడికీ బలవంతులం కావాలన్న కోరిక కలిగింది. కోడి రామమూర్తినాయుడుగారిని గురించి పెద్దలు చెప్పే కథలు అందుకు కారణం. 1882లో వీరఘట్టంలో జన్మించి, 1942లో కన్నుమూసిన ఆ మల్లయోధుణ్ణి జనం ‘కలియుగ భీముడు’ అని పిలుచుకొన్నారు. ఆయన ఏనుగును రొమ్ముపై నిలుపుకొన్నాడనీ, ఇనుప గొలుసులను తెంచాడనీ వింటుంటే మాకు ఒళ్లు పులకరించేది. మరునాడు వేకువనే నూరు దండీలు, రెండు వందల బస్కీలు తీయాలని పందెం వేసుకొన్నాం. ఆగుతూ, రొప్పుతూ ఎలాగో లెక్క పూర్తి చేశాం.

ఆ మరుసటి రోజు తల దువ్వుకోవడానికి చేయి పైకి లేవలేదు. కళాశాల మెట్లు దిగడానికి గోడ ఆసరా కావలసి వచ్చింది. అయినా పౌరుషం కొద్దీ రోజూ కొనసాగించాం. పదో రోజుకు నా మిత్రుడికి భుజంలో నొప్పి మొదలయింది. వ్యాయామం ఆగిపోయింది. నా విషయంలో ఆ విరామం ఇరవై ఏళ్లు సాగింది. మాలో పట్టుదలకు కొరత లేదు. ఏ రోజు ఎంత చేయాలో, ఏ రోజు ఊరుకోవాలో చెప్పే లెక్క మా వద్ద లేదు. ఆ లెక్కను గురించి తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

బరువుతో శ్రమించినప్పుడు కండరం అప్పటికప్పుడు బలపడదు. నిజానికి ఆ గంటలో అది అలసి, బలహీనపడుతుంది. ఆ తరువాత సుమారు ఒకటి రెండు రోజులపాటు శరీరం ఆ కండరంలో మాంసకృత్తులను మామూలు కంటె వేగంగా నిర్మిస్తుంది. ఆ నిర్మాణానికి ఆహారం, నిద్ర, వ్యవధి కావాలి. కొత్తగా ప్రారంభించినవారికి నొప్పులు రెండో మూడో రోజున ఎక్కువగా ఉండడం కూడా సహజమే. అయితే నొప్పి ఎంత ఎక్కువైతే ఫలితం అంత ఎక్కువ అనుకోవడం పొరపాటు. మొదటి కొద్ది వారాలలో కనిపించే బలం చాలావరకు నాడీమండలం చలవ. ఉన్న కండరాలనే కలిసికట్టుగా ఉపయోగించడం అది అప్పుడు నేర్చుకొంటుంది. అందుకే అద్దంలో ఏ మార్పూ కనిపించకపోయినా, మొదట ఎత్తలేని బరువు మూడో వారంలో లేస్తుంది.

వ్యాయామశాలల్లో సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం కాళ్లు అంటూ శరీరాన్ని భాగాలుగా పంచిన పట్టికలు గోడలకు వేలాడుతుంటాయి. శరీర సౌష్ఠవ పోటీలకు వెళ్లేవారికి అవి ఉపయోగపడవచ్చు. విద్యార్థికి మాత్రం అవి అంతగా నప్పవని నా అభిప్రాయం. సోమవారం పరీక్ష ఉండి వెళ్లలేకపోతే ఆ వారమంతా ఛాతీకి పని ఉండదు. అదే, వెళ్లిన ప్రతిసారీ శరీరమంతటికీ శ్రమ ఇచ్చే పద్ధతిలో ఒక రోజు తప్పినా తక్కిన రెండు రోజులు మిగిలే ఉంటాయి. ఐదు నుంచి పదిహేడేళ్ల వయసువారు సగటున రోజుకు 60 నిమిషాలు శరీరశ్రమ చేయాలనీ, అందులో వారానికి కనీసం 3 రోజులు కండరాలనూ ఎముకలనూ బలపరిచే పని ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. సోమ, బుధ, శుక్రవారాలు ఎంచుకొంటే ఆ మూడూ కుదురుతాయి. నడుమ ఒక్కొక్క రోజు విశ్రాంతీ దొరుకుతుంది.

శరీరమంతటికీ అంటే ఇరవై రకాల కసరత్తులు అవసరం లేదు. మనిషి చేసే బరువు పనులన్నీ కొద్దిపాటి కదలికలే. కూర్చొని లేవడం, ముందుకు వంగి నేలమీది వస్తువును ఎత్తడం, తోయడం, లాగడం, మోయడం. వీటన్నింటిలోనూ నడుమును నిలకడగా ఉంచడం. బావిలో నీళ్లు తోడి, బిందెలు మోసి, ధాన్యపు బస్తాలు ఎత్తిన తరానికి ఇవన్నీ ఒక్క దినంలోనే జరిగిపోయేవి. బల్ల ముందు పది పన్నెండు గంటలు కూర్చొనే మనం వాటిని ఏరి కూర్చుకోవాలి. బస్కీలు కూర్చొని లేవడానికి, దండీలు తోయడానికి చక్కని సాధనాలు. ఈ రెండింటితోనే సరిపెట్టుకొనేవారికి లాగే కదలిక మాత్రం దొరకదు. రొమ్ము, భుజాల ముందుభాగం బలపడి వీపు వెనుకబడిపోతుంది. మా పందెంలోని రెండో లోపం అదే. మైదానంలోని అడ్డకడ్డీని పట్టుకొని గడ్డం దాకా పైకి లేవడం ఇందుకు శ్రేష్ఠం. అది చేతకానివారు పుస్తకాలు నింపిన సంచిని, వీపు నిటారుగా ఉంచి ముందుకు వంగి, నడుము వైపునకు లాగవచ్చు.

సోమవారం బస్కీలు, దండీలు, కడ్డీపై లాగడం చేసి, చివర మోచేతులపైనా కాలివేళ్లపైనా ఆని దేహాన్ని పలకలాగా అర నిమిషం నిలపాలి. బుధవారం సంచిని నేలమీది నుంచి ఎత్తడం, దానినే తలపైకి తోయడం, నడుము వైపునకు లాగడం, రెండు చేతులా నీళ్ల బకెట్లు పట్టుకొని నడవడం. శుక్రవారం ఒక్కొక్క కాలితో ఎత్తయిన మెట్టు ఎక్కి దిగడం, దండీలు, మరల లాగడం. లాగే కదలిక మూడు రోజులూ వచ్చింది; దినమంతా పుస్తకంపైకి వంగి ఉండే వీపులకు అది అవసరమనే అలా ఉంచాను.

ఒక్కొక్క కసరత్తును 8 నుంచి 12 పర్యాయాలు చేసి ఆగితే అది ఒక విడత. వ్యాయామశాలల్లో దీనినే సెట్ అంటారు. మొదటి నెల రెండు విడతలు, ఆ తరువాత మూడు. విడతకూ విడతకూ నడుమ రెండు నిమిషాల విరామం ఉండాలి. ఇంకా రెండు పర్యాయాలు చేయగలమని తోచినప్పుడే ఆపడం ఇందులోని కీలకం. ఆ రెండింటినీ పిండుకోవాలని చూస్తే భంగిమ చెడుతుంది. మరునాటి అలసటా పెరుగుతుంది. ఒళ్లు వేడెక్కించే ఐదారు నిమిషాలతో కలిపి మొత్తం ముప్పావు గంటకు మించదు. మిగతా రోజుల్లో నడక, కబడ్డీ, వాలీబాల్ ఏదైనా సరే. ఆదివారం పూర్తిగా సెలవు.

శ్రమ ఎప్పుడూ ఒకే మోతాదులో ఉంటే శరీరం దానికి అలవాటుపడి ఊరుకొంటుంది. ప్రాచీన గ్రీసుకు చెందిన మైలో అనే మల్లుడు ఒక దూడను ప్రతిదినం మోస్తూ, అది పెరిగి ఎద్దయ్యేసరికి ఎద్దునే మోశాడని ఒక కథ. 1940వ దశకంలో అమెరికా సైన్యంలో వైద్యుడైన థామస్ డెలోర్మ్, గాయపడిన సైనికుల కాళ్లకు బలం తిరిగి తేవడానికి ఇదే సూత్రాన్ని లెక్క ప్రకారం అమలు చేశాడు. ఇన్ని పర్యాయాలు, ఇంత బరువు అని నిర్ణయించి, క్రమంగా పెంచుతూ వెళ్లాడు. మనకూ అదే మార్గం. పన్నెండు పర్యాయాలు సునాయాసమైన తరువాత సంచిలో మరో పుస్తకం చేర్చాలి. తిరిగి ఎనిమిది నుంచి మొదలుపెట్టాలి. అయితే మైలో కథలోని దూడ ఒక్కరోజూ ఆగకుండా పెరిగింది. మనిషి అలా పెరగడు. కాబట్టి ఆరేడు వారాలకొకసారి విడతలను సగానికి తగ్గించి ఒక వారం తేలికగా గడపడం మంచిది.

బరువులెత్తితే పొడవు పెరగరనే భయం ఇళ్లలో ఉంది. తెలిసినవారి పర్యవేక్షణలో, సరైన భంగిమతో చేసే వ్యాయామం ఎదుగుదలను ఆపదని బాలల వైద్య నిపుణులు చెబుతున్నారు. ఇది తమకు సంబంధించినది కాదని ఆడపిల్లలు అనుకొనడం మరింత విచారకరం. ఎముకలకు గట్టిదనం చేకూరే ముఖ్యమైన కాలం కౌమారమే. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో 69 కిలోల విభాగంలో పాల్గొని, స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమే. కీలులో పోటు వంటి నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఎవరైనా సరే వెంటనే ఆపాలి. ఉబ్బసం, గుండె జబ్బు వంటివి ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి.

ఆహారం విషయంలో ఖరీదైన పొడులు అక్కరలేదు. పప్పు, పెరుగు, గుడ్లు, వేరుశనగలు కడుపునిండా తింటే చాలు. 13 నుంచి 18 ఏళ్లవారికి రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. వేకువ నాలుగింటికే లేపే వసతిగృహాల్లో ఈ మాట చెప్పడం తేలిక, పాటించడం కష్టం. నిద్ర బొత్తిగా చాలని రోజున ఒక విడత తగ్గించుకోవడంలో తప్పు లేదు.

పరీక్షల నెలలో చాలామంది వ్యాయామాన్ని పూర్తిగా మానేస్తారు. బలం సంపాదించడానికి పట్టినంత శ్రమ దానిని నిలుపుకోవడానికి పట్టదు. బరువు తగ్గించకుండా వారానికి ఒక్కసారి అరగంట చేసినా కొన్ని వారాలపాటు అది చెక్కు చెదరదు. పరీక్షలు ముగిశాక పాత లెక్కకు కొంచెం తక్కువగా మొదలుపెడితే త్వరలోనే పూర్వస్థితికి చేరుకొంటాం. ఏ రోజు ఏమి చేశామో రాసిపెట్టుకోవడానికి ఒక చిన్న నోటుపుస్తకం ఉంటే ఎక్కడ ఆగామో గుర్తుంటుంది. ఇరవై ఏళ్ల తరువాత నేను మళ్లీ ప్రారంభించినప్పుడు కొన్న పుస్తకం ఇప్పటికీ నా వద్ద ఉంది. అందులో మొదటి పంక్తి: సోమవారం, దండీలు ఆరు.