మూత్రపిండము మారినను హృదయమును మఱువరాదు

మూత్రపిండములు చెడిన బిడ్డకు ప్రాణాపాయము వానివలననే కలుగునని మన మెల్లరమును తలంతుము. వాస్తవ మంతకంటె వేఱు. డయాలిసిస్ అను రక్తశుద్ధిచే జీవించు బాలబాలికల మరణకారణములలో హృద్రోగము ముఖ్యమైనది. చెడిన యవయవ మొకటి. దెబ్బతిను యవయవము మఱియొకటి.

హేతువు దుర్గ్రాహ్యము గాదు. ఉప్పును, నీటిని వెలికి పంపు శక్తి మూత్రపిండములకు దప్పినప్పుడు రక్తపుపోటు హెచ్చును. దాని నెదిరించి యహర్నిశము శ్రమించుటచే హృదయపు టెడమగది గోడ దళసరి యగును. రక్తవృద్ధికి వలయు ఎరిత్రోపొయిటిన్ అను ద్రవ్యమును పుట్టించునవియు మూత్రపిండములే గావున రక్తహీనత గలిగి, గుండె మఱింత త్వరపడవలసివచ్చును. భాస్వరము నిలువయై, సున్నపుపదార్థము రక్తనాళముల గోడలకు పట్టును. పొటాసియము మితిమీఱినచో గుండె లయదప్పి యాకస్మికముగ నాగవచ్చును. బలమునకని తల్లి ప్రేమతో నిచ్చు కొబ్బరినీళ్లును, అరటిపండును ఇట్టి బిడ్డకు వైద్యు నడుగక యీయరాదు.

2000 సంవత్సరమున న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రిక ప్రకటించిన పరిశోధన యొకటి స్మరణీయము. డయాలిసిస్ పొందుచు 20 ఏండ్లు నిండని 23 మందిని పరీక్షింపగా నొక్కరి హృదయధమనులందును సున్నము కానరాలేదు. 20 మొదలు 30 ఏండ్లవఱకు గల 16 మందిలోనో, 14 మందికి గానవచ్చెను! బాల్యమే కాపాడుకొనవలసిన కాలమని దీని తాత్పర్యము.

1954లో బోస్టన్ నగరమున డాక్టరు జోసెఫ్ మర్రే కవలసోదరుల నడుమ మూత్రపిండమును మార్చి జయము గాంచెను. నేడు పిల్లలకు నీ చికిత్స ప్రాణదాయకము. క్రొత్త మూత్రపిండము పనిచేయనారంభించిన పిమ్మట రక్తహీనత తగ్గును. దళసరియైన గుండెగోడ పెక్కురిలో పలుచబడును. కాని యంతటితో భయము తీఱదు. దేహము పరాయి యవయవమును నిరాకరింపకుండ నిచ్చు స్టెరాయిడులు, టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మున్నగు మందులే రక్తపుపోటును హెచ్చింపగలవు. వానివలన మధుమేహమును, రక్తమున క్రొవ్వును, స్థూలకాయమును సంభవింపవచ్చును. పగటివేళ వైద్యశాలలో సరిగా నుండు పోటు రాత్రి నిద్రలో హెచ్చియుండవచ్చును. 24 గంటల పరీక్షచేతనే యది బయటపడును.

పోటు నదుపుననుంచుట యెంత ఫలప్రదమో 2009లో ప్రకటింపబడిన యూరపు పరిశోధన చాటుచున్నది. మూత్రపిండవ్యాధి గల 385 మంది పిల్లలలో పోటును గట్టిగా తగ్గించిన వర్గమున, అయిదేండ్లలో వ్యాధి తీవ్రముగ ముదిరినవారు నూటికి 30. సాధారణపు టదుపుననున్న వర్గమున 42.

కావున తలిదండ్రులారా! శస్త్రచికిత్స ముగిసినదని పరీక్షలు మానకుడు. ఊరగాయలను, అప్పడములను బిడ్డకు దూరముగ నుంచుడు. వైద్యశాలల నిర్వాహకులకు నొక్క విన్నపము: పెద్దల పట్టీతో పిల్లల పోటు చూచినచో తక్కువగా దోచి రోగము మఱుగుపడును. పసిచేతికి దగిన పట్టీ ప్రతి తాలూకా వైద్యశాలయందును నుండవలయును. దాని వెల స్వల్పము; లేకున్న గలుగు నష్టము పూడ్చరానిది.