బండిలో పడుకుంటున్నారా? ముందు గాలి సంగతి చూసుకోండి

నాదర్‌గుల్, బడంగ్‌పేట, బి.ఎన్.రెడ్డి నగర్ ప్రాంతాల నుండి కుటుంబంతో సహా వ్యాను మాట్లాడుకుని నాగార్జునసాగర్‌కో, శ్రీశైలానికో, రెండేళ్లకొకసారి వచ్చే మేడారం జాతరకో బయలుదేరేవారు ఎందరో ఉన్నారు. బియ్యం, పప్పు, గ్యాస్ పొయ్యి, దుప్పట్లు అన్నీ బండిలోనే. గది దొరకకపోతే పడక కూడా బండిలోనే! సినిమా తారల కోసమే అనుకున్న కారవాన్లు, అంటే మంచాలూ వంటగట్టూ స్నానాలగదీ ఉన్న మోటారు ఇళ్లు, ఇప్పుడు అద్దెకు కూడా దొరుకుతున్నాయి. బండి ఏదైనా సరే, అందులో నిద్రించేవారు మరువకూడని సూత్రం ఒక్కటే. మనుషులు నిద్రపోతున్నప్పుడు ఆ బండిలో గాని, దాని పక్కన గాని ఇంజను, జనరేటరు, పొయ్యి, కుంపటి ఏదీ మండుతూ ఉండకూడదు.

కంటికి కనిపించని విషం

పెట్రోలు, డీజిలు, గ్యాసు, బొగ్గు, కట్టెలు - వీటిలో ఏది సరిగా మండకపోయినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోసుకుపోతుందని మీకు తెలుసు. ఈ విషవాయువు ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. దానితో మెదడుకు, గుండెకు అందవలసిన ప్రాణవాయువు అందదు. నిద్రలో ఉన్నవారు లేవకుండానే స్పృహ కోల్పోతారు.

2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు విగతజీవులై కనిపించారు. జనరేటరు నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని నిపుణుల పరిశీలనలో తేలింది.

"ఒక అద్దం కొంచెం దించి ఉంచాం కదా" అని ధీమా పడకండి. ఇంజను నడుస్తుంటే ఆ సందు చాలదు. ఒక్కొక్కప్పుడు పొగ లోపలికి రావడానికి అదే దారి అవుతుంది. కాబట్టి ఏ.సి. కోసం ఇంజను నడుపుతూ నిద్రపోవద్దు. ఇంజను ఆపి, రెండు వైపులా కిటికీలు తెరిచి, దోమతెరలు కట్టుకోండి. జాతర సమయంలో బళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఆగుతాయి. పక్క బండి పొగగొట్టం మీ కిటికీ వైపు లేకుండా చూసుకోండి. మాఘమాసపు చలికి బండిలో కుంపటి పెట్టుకోవడం ప్రాణాలతో చెలగాటమే. జనరేటరు తప్పనిసరి అయితే, బండికి కనీసం 20 అడుగుల దూరంలో, గాలి మీ వైపు వీచని దిక్కున ఉంచండి.

గుర్తుపట్టడం ఎలా?

తలనొప్పి, తల తిరగడం, వికారం, వాంతులు, నీరసం, తికమక - ఇవీ లక్షణాలు. "తిన్నది పడలేదు", "ప్రయాణపు బడలిక" అని చాలామంది పొరబడతారు. జ్వరం లేకుండా బండిలోని ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చినా, బయటికి రాగానే తేలికపడినా అనుమానించవలసిందే. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, గుండెజబ్బు ఉన్నవారు త్వరగా ప్రమాదంలో పడతారు.

కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు చాలా ఇళ్లలో ఉంది. ఈ విషయంలో దాన్ని నమ్మకండి. విషవాయువు పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ప్రాణవాయువు ఉన్నదిగానే లెక్కవేస్తుంది. అంకె 98 చూపుతున్నా మనిషి ప్రమాదంలో ఉండవచ్చు.

వెంటనే ఏం చేయాలి?

తలుపులన్నీ తెరవండి, ఇంజను ఆపండి, అందరినీ ఆరుబయటికి చేర్చండి. లోపల ఎక్కువసేపు ఉంటే కాపాడబోయినవారు కూడా పడిపోతారు. 108కి ఫోన్ చేసి, బండిలో పొగ పీల్చారన్న మాట తప్పక చెప్పండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. ఆసుపత్రిలో మాస్కు ద్వారా శుద్ధ ప్రాణవాయువు ఇస్తే సుమారు గంట, గంటన్నరలోనే తగ్గుతుంది. అందుకే "తేరుకున్నాడులే" అని ఊరుకోకూడదు. కొందరిలో మతిమరుపు, తికమక కొన్ని రోజుల తర్వాత కూడా బయటపడతాయి.

గ్యాస్ సిలిండరు జాగ్రత్త

2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలుపెట్టెలో సిలిండరు వెలిగించబోగా మంటలు చెలరేగి 9 మంది మరణించారు. ఇంటి సిలిండరును ప్రయాణికుల మధ్య పెట్టుకుని తీసుకెళ్లవద్దు. వంటగట్టు ఉన్న కారవాన్‌లో సిలిండరును దానికి కేటాయించిన అరలో నిలువుగా బిగించి ఉంచాలి. రబ్బరు పైపు మీది గడువు చూడండి. వంట గాలి ఆడేచోట, ఆరుబయట చేసుకోవడం ఉత్తమం. వంట ముగియగానే రెగ్యులేటరు కట్టేయండి. వంటగ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్చులు తాకకుండా అందరూ దిగిపోయి, దూరం నుంచి 1906కు ఫోన్ చేయండి.

బయలుదేరే ముందు

పొగగొట్టం, సైలెన్సరు ఎక్కడైనా చిల్లు పడ్డాయేమో మెకానిక్ చేత చూపించండి. నేలరేకుకు ఉన్న కన్నాలు, అరిగిన వెనుక తలుపు రబ్బరు బాగు చేయించండి. కారవాన్ అద్దెకు తీసుకునేవారు అందులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందేమో అడగండి. మీట నొక్కి అది మోగుతుందో లేదో స్వయంగా చూడండి. పొగను పసిగట్టే అలారం వేరు, ఇది వేరు.

డ్రైవరుకు కూడా ఈ మాటలన్నీ ముందే చెప్పండి. అందరూ దిగి దర్శనానికి వెళ్లినప్పుడు అద్దాలు బిగించి, ఏ.సి. వేసుకుని కునుకు తీసేది అతనే. అతనికి బయట ఒక చాప, దోమతెర, నిద్రకు తగినంత సమయం ఇవ్వండి. మీ తిరుగు ప్రయాణం అతని చేతిలోనే ఉంది.