కరకట్టలును మురుగుకాలువలును: సెవర్న్ నదీముఖ భూముల చరిత్రము

సముద్రపు నీట మునుగు భూమిని సేద్యమునకు దెచ్చుట కష్టము. తెచ్చినదానిని నిలుపుకొనుట అంతకంటెను కష్టము. ఇందులకు వేల్సు దేశమందలి గ్వెంటు పల్లపు భూములు తగిన నిదర్శనము. సెవర్న్ నది సముద్రమున గలియుచోట, కార్డిఫ్, చెప్‌స్టో పట్టణముల నడుమ ఇవి యున్నవి. అస్క్ నది వీనిని వెంట్లూజ్, కాల్డికాట్ అను రెండు భాగములుగా జేయుచున్నది.

1. పోటు బలము. ఈ నదీముఖము గరాటువలె లోనికి బోయినకొలది ఇరుకగుటచే పోటునీరు పైకి లేచును. పెద్ద పోటునకును ఆటునకును నడుమ మట్టభేదము సుమారు 45 అడుగుల వరకు నుండును. ఇంతటి పోటు ప్రపంచమున మిక్కిలి యరుదు. భూమి పెద్ద పోటు మట్టమునకు దిగువగా నుండుటచే, కట్ట లేనిచో పంట లేదు.

2. పూర్వపు పని. క్రీ. శ. 75 ప్రాంతమున రోమను సైన్యము సమీపమందలి కేర్లియన్‌లో దండు విడిసెను. 1878లో గోల్డ్‌క్లిఫ్ ఒడ్డున నొక చెక్కడపు రాయి దొరికెను. స్టటోరియస్ మాక్సిమస్ అను నధికారి దళము ముప్పదికి పైబడిన అంగల పొడవున పని చేసినట్లు అందు గలదు. అది కరకట్ట పనియో మురుగుకాలువ పనియో అయియుండునని పండితులు తలంతురు. రోమనులు పోయిన పిదప కట్టలు శిథిలమయ్యెను. కాల్డికాట్ భాగమున వారి చేలు ఒండ్రుక్రింద బూడిపోయెను. తరువాత నార్మను ప్రభువులును, 1113లో నేర్పడిన గోల్డ్‌క్లిఫ్ మఠమువారును భూమిని మరల సాగునకు దెచ్చిరి. మెరకనుండి దిగు ఏటినీరు పల్లపు చేలపై బడకుండ, దానిని ఎత్తైన గట్ల నడుమ సముద్రమునకు గొనిపోవు కాలువకు నేటికిని మాంక్స్‌డిచ్, అనగా సన్న్యాసుల కాలువ, అని పేరు.

3. మురుగు పోవు విధము. పొలమందలి చాళ్ల నీరు గట్టుప్రక్క కాలువకును, అందుండి "రీన్" అను పెద్ద కాలువకును, అందుండి కట్టక్రింది తూమునకును బోవును. తూము తలుపు వెలుపలివైపునకే తెరచుకొనును. పోటువేళ సముద్రపు నీరే దానిని నెట్టి మూయును. ఆటువేళ లోపలి నీరే నెట్టి తెరచును. కాని తలుపు సందున నొక కొమ్మ యిరికినచో ఉప్పునీరు లోనికి వచ్చును. వేసవిలో రీన్‌లకు పలకలడ్డుపెట్టి పశువుల త్రాగుటకు నీరు నిలుపుదురు.

4. నేల క్రుంగుట. నీరు తీసిన నేల ఎండి దిగబడును. కట్ట వెలుపల ప్రతి పోటును ఒండ్రు వేయుచునే యుండును. అందుచే కాలక్రమమున లోపలి నేల వెలుపలి నేలకంటె పల్లమగును. కనుక తాత కట్టిన కట్ట మనుమనికి చాలదు; దానిని మరల మరల ఎత్తు చేయవలసినదే.

5. ఒకని గండి అందరి గండి. ఇచ్చట భూమిగలవారికి కట్టలో ఇంతింత భాగమని వంతులుండెను. 1531 నాటి చట్టముచే నేర్పడిన మురుగుపారుదల అధికారులు కట్టలను, కాలువలను తనిఖీ చేయించి, తన వంతు మరమ్మతు చేయనివానికి జుల్మానా విధించుచుండిరి. నీరు తప్పు చేసినవాని చేనితో నిలువదు గదా.

1607 జనవరి 30వ తేదీన పెద్ద పోటు కట్టలను దాటి వచ్చెను. నదీముఖమున కిరుప్రక్కల సుమారు 2,000 మంది మడిసిరని అంచనా. గోల్డ్‌క్లిఫ్ చర్చి గోడయందలి ఇత్తడి పలక, ఆ యూర 22 మంది మునిగిరనియు, 5,000 పౌనులకు మించిన నష్టము గలిగెననియు దెలుపుచున్నది. పోటుతోపాటు పెనుగాలి వీచుటచే నిది గలిగెనని యెక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ప్రజలు భూమిని విడువక, కట్టలను మరల కట్టుకొనిరి. 2015 నుండి ఈ మురుగుపారుదల పని వేల్సు ప్రకృతి వనరుల సంస్థ యధీనమున నున్నది.

6. రైతులు గ్రహింపవలసినది. సముద్రము లేని సీమలందును చెరువు కట్టకు ఇదియే న్యాయము. కట్ట బలము దాని మిక్కిలి బలహీనమైన బారెడు చోటనే తెలియును. కావున వానలకు ముందే కట్టమీది బొరియలు పూడ్చి, తూము శుభ్రపరచి, కాలువ పూడిక తీయవలయును. పొరుగువాని వంతు చెడియున్న యెడల అది తన వంతే చెడినట్లు తలచి, తెలిసినవెంటనే పదిమందితో గూడి బాగుచేయించుట భూమిగల ప్రతి రైతునకు క్షేమకరము.