కుక్క ఉరికితే కేసు ఎవరి మీద?

ఎండలు ముదిరి తునికాకు కోత మొదలైతే భూపాలపల్లి జిల్లా మహదేవపూర్, పలిమెల, మహాముత్తారం అడవుల్లోకి కూలీలు తెల్లవారకముందే బయల్దేరుతారు. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం మండలాల్లో కోయ కుటుంబాలు ఇప్పపువ్వు ఏరుకోవడానికి చీకటితోనే లేస్తాయి. జనగామ పక్క గొల్ల కురుమలు మేత వెతుక్కుంటూ గుట్టల వెంట, అడవి అంచుల వెంట మందలు తిప్పుతారు. వీళ్ళందరి వెంట నడిచే తోడు ఒకటుంది. అది కుక్క. ఎలుగుబంటి జాడ ముందు పసిగట్టేది అదే. రాత్రి మందకు కాపలా అదే. ఆ కుక్క పొదలో కదిలిన చెవులపిల్లి వెంట ఉరికిందనుకోండి, కేసు యజమాని మెడకు చుట్టుకోవచ్చు. చాలామంది కూలీలకు ఈ సంగతి పట్టుబడ్డాక గాని తెలియదు.

వేట అంటే ఏమిటి?

మనవాళ్ళ లెక్కలో వేట అంటే తుపాకీ, ఉరి, వల. చట్టం లెక్క వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండవ సెక్షన్‌లో వేటకు అర్థం చెప్పారు. చంపడం, విషం పెట్టడం, పట్టుకోవడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తోలడం - అన్నీ వేటే. అందులోనే ‘కోర్సింగ్’ అనే మాట కూడా ఉంది. కుక్కలను వదిలి జంతువును తరిమించడమే దాని అర్థం. జంతువు చావనక్కర లేదు, చేతికి దొరకనక్కర కూడా లేదు. ప్రయత్నం చేసినా వేట కిందికే వస్తుంది.

అయితే ఉరికిన కుక్క వేరు, ఉసిగొల్పిన మనిషి వేరు. ఆకు కోసుకుంటున్న మనిషి వెంట వచ్చిన కుక్క దానంతట అది దుప్పిని తరిమితే, ఆ మనిషి వెనక్కి పిలుస్తుంటే, దాన్ని వేట అనడం న్యాయం కాదు. నలుగురు కూడి కర్రలు, లైట్లు, నాలుగైదు కుక్కలు పట్టుకొని రాత్రిపూట పోతే అది వేట కాదని ఎవరూ వాదించలేరు. ఈ రెంటికీ నడుమ జరిగేవే ఎక్కువ. మనిషి ఉసిగొల్పాడా లేదా అన్నది కోర్టులో తేలాలి. కానీ కూలోని బతుకు కోర్టుకు పోకముందే ఆగమైతది. నాలుగు వాయిదాలు తిరిగితే సీజను కూలి అంతా బస్సు ఛార్జీలకే సరి.

సంచిలో మాంసం

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. కుక్క చెవులపిల్లిని కరిచి చంపింది. చచ్చిందాన్ని పారేయడమెందుకని సంచిలో వేసుకున్నారు. పాపం చేసినట్టు ఎవరికీ అనిపించదు. చట్టం మాత్రం చచ్చిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి అంటుంది. చచ్చి దొరికినా, పొరపాటున చంపబడినా అంతే. అట్లాంటిది చేతికి వస్తే 48 గంటల్లోపల పోలీసు స్టేషన్‌లో గాని, అధికారమున్న అటవీ అధికారికి గాని చెప్పాలి. చెప్పకుండా ఇంటికి తెస్తే 57వ సెక్షన్ అడ్డం తిరుగుతుంది. మాంసం మీ దగ్గర దొరికిందని రుజువైతే అది అక్రమంగా వచ్చిందనే కోర్టు అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసింది మీరే. అందుకే చచ్చినదాన్ని ముట్టకండి. కుక్కను పిలిచి కట్టేసుకొని, తోటి కూలీలను సాక్షులుగా పెట్టుకొని కబురు చేయండి.

శిక్షలు తక్కువవి కావు. 2022లో చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. అడవిపంది, దుప్పి, చెవులపిల్లి రెండవ షెడ్యూలులో ఉన్నాయి. వీటిని వేటాడితే 3 ఏళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జుర్మానా, లేదా రెండూ. నెమలి, ఉడుము, అలుగు మొదటి షెడ్యూలులోవి. వీటి విషయంలో 3 ఏళ్ళకు తగ్గకుండా 7 ఏళ్ళ వరకు జైలు, 25 వేలకు తగ్గని జుర్మానా. అభయారణ్యంలో వేటాడితే ఏ జంతువైనా ఈ పెద్ద శిక్షే. పాకాల అభయారణ్యం అంచున బతికే మహబూబాబాద్ పల్లెలు ఇది గుర్తుంచుకోవాలి. ఊరి కుక్క ఉడుమును పట్టడం మామూలు సంగతి. ఆ ఉడుమును కూర వండితే కనీసం మూడేళ్ళ జైలు!

పైసలు, వేలిముద్రలు

పట్టుబడిన పేదవాడికి మొదట వినిపించే మాట పైసలు కట్టి పొమ్మని. రాజీకి చట్టంలో దారి ఉంది. కానీ ఆ అధికారం రాష్ట్రంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు గాని, డిప్యూటీ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారికి గాని ఇవ్వవచ్చు. బీట్ గార్డుకు లేదు, సెక్షన్ ఆఫీసరుకు లేదు, రేంజరుకూ లేదు. పైగా మొదటి షెడ్యూలు జంతువుల కేసులకూ, అభయారణ్యంలో వేట కేసులకూ రాజీయే లేదు. కనుక చెట్టుకింద నిలబెట్టి రసీదు లేకుండా గుంజుకునే పైసలు జుర్మానా కాదు, లంచం. ఇచ్చినా కేసు ఆగుతుందన్న భరోసా లేదు.

రెండవది వేలిముద్ర. మామూలుగా పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నట్టు రాసుకున్న కాగితం కోర్టులో చెల్లదు. వన్యప్రాణి కేసుల్లో సంగతి వేరే. అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అటవీ అధికారి నిందితుని ముందర రాసుకున్న సాక్ష్యం విచారణలో పనికొస్తుంది. కాబట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయొద్దు. రాసింది చదివి వినిపించమని అడగాలి. పట్టుకున్న మనిషిని వెంటనే మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ప్రయాణం సమయం తీసేసి 24 గంటలు దాటి ఉంచడానికి రాజ్యాంగమే ఒప్పుకోదు. సంఘం కార్యకర్తలు ఆ రాత్రే ఠాణాకు పోయి అడగవలసిన మొదటి మాట ఇదే.

శికారు ఎవరిది?

అడవి జంతువులు తగ్గింది కూలోని కుక్కతోనా? నిజాం కాలం నుంచి శికారు దొరలకు, అధికారులకు సరదా. మహదేవపూర్ అడవుల్లో 2017 మార్చిలో తుపాకులతో దుప్పులను చంపిన కేసు అన్ని పేపర్లకూ ఎక్కింది. అది కడుపు నింపుకునే వేట కాదు, కార్లలో వచ్చి చేసిన శికారు. ఇంగ్లండులో కూడా గుర్రాలెక్కి కుక్కల గుంపులతో నక్కలను తరమడం జమీందార్ల వినోదం. ఎన్నో ఏళ్ళ ఆందోళన తర్వాత గాని 2004లో ఇంగ్లండు, వేల్సుల్లో దాన్ని నిషేధించే చట్టం రాలేదు.

అట్లాగని కుక్కతో నష్టమే లేదనడం నిజం కాదు. ఎండాకాలం ఊరి చెరువుకు నీళ్ళకొచ్చిన దుప్పిని వీధికుక్కల గుంపు చీల్చేస్తుంది. కుక్కల నుంచి అడవి జంతువులకు రోగాలూ పాకుతాయి. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే 23 సింహాలు చచ్చిపోయాయి. వాటిలో కొన్నింటికి సోకింది కుక్కల్లో కనిపించే డిస్టెంపర్ వైరస్. అడవి లేకుంటే ఆకు లేదు, ఇప్పపువ్వు లేదు, మేత లేదు. అడవిని కాపాడుకోవడం మొదట పేదవాడికే అవసరం.

2006 అటవీ హక్కుల చట్టం ఆకు, పువ్వు, మేత మీద హక్కులను ఒప్పుకుంది. వేట హక్కును మాత్రం మినహాయించింది. అదే చట్టం వన్యప్రాణులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు కూడా ఇచ్చింది. అంటే హక్కు అడిగే గొంతుకు బాధ్యతా ఉంది.

చేను మేసే పంది సంగతి?

పత్తి, మక్క చేలల్లో అడవిపందులు పడితే కౌలు రైతు అప్పుల పాలే. కుక్కలను పెట్టి చేను కాసుకోవడం తాతల నాటి పద్ధతి. చేను దాటించి వెళ్ళగొట్టడం వేరు, అడవిలోకి తరిమి చంపించడం వేరు. పంట నష్టం ఎక్కువైతే రాతపూర్వకంగా అనుమతినిచ్చే అధికారం 11వ సెక్షన్ కింద ఉంది. ఎవరికి దరఖాస్తు పెట్టాలో పంచాయతీలో, రేంజి ఆఫీసులో అడిగి తేల్చుకోవాలి. మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణకు జంతువును చంపితే నేరం కాదని కూడా అదే సెక్షన్ అంటుంది. కరెంటు తీగ మాత్రం పెట్టకండి. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిలో జంతువుల కోసం అమర్చిన తీగ తగిలి ఒక గ్రేహౌండ్స్ జవాను చనిపోయాడు. రేపు మన కూలీయే కావచ్చు.

ఏం చేయాలి?

అడవికి పోయేటప్పుడు కుక్క మెడకు తాడు ఉండాలి. ఆకు కోసేచోట కట్టెయ్యాలి. పశువుల దవాఖానాలో టీకాలు వేయించాలి. మన ఊరి యువకులు సరదాకు కుక్కలతో శికారు పోతే సంఘమే ఆపాలి.

ప్రభుత్వం చేయవలసింది అంతకన్నా ఎక్కువ. ఈ చట్టం ఏం చెబుతుందో తునికాకు సీజనుకు ముందే ఊరూరా తెలుగులోనూ, కోయ మాటలోనూ చాటింపు వేయించాలి. వీధికుక్కలకు ఆపరేషన్లు, టీకాలు స్థానిక సంస్థల బాధ్యత అని 2023 నిబంధనలు చెబుతున్నాయి. అందుకు పంచాయతీలకు నిధులివ్వాలి. పంట నష్టానికి కౌలు రైతు పేరుమీదే పరిహారం ఇవ్వాలి. ఈ అడిగేవన్నీ గ్రామసభలో తీర్మానం చేయించి, దాని నకలు రేంజి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ పని ఈ సీజను దాటకముందే జరగాలి.