కాళేశ్వరరావు మార్కెట్లో దొరకని పేరు

పొద్దున ఆరింటికి కాళేశ్వరరావు మార్కెట్ ముందు నిలబడితే వన్ టౌన్ మనల్ని భుజంతో తోసుకుంటూ పోతుంది. కరివేపాకు మూటలు దించే ట్రాలీ ఆటోలు, అరటి గెల భుజాన వేసుకుని "పక్కకి, పక్కకి" అని అరిచే ముఠా కూలీలు, అమ్మవారి దర్శనానికి పోతూ నిమ్మకాయలు బేరమాడే ఆడవాళ్లు. ఆటోవాళ్ల నోట్లో అరిగి అరిగి ఆ పేరు "కాళేశ్రావ్ మార్కెట్" అయింది. ఇంతకీ ఈ కాళేశ్వరరావు ఎవరని ఉల్లిపాయల కొట్టాయన్ని అడిగాను. ఆయన తక్కెడ ఆపి ఆలోచించి, "పాతకాలం షావుకారై ఉంటాడండీ, మార్కెట్ కట్టించుంటాడు" అన్నాడు.

షావుకారు కాదు, వకీలు. అయ్యదేవర కాళేశ్వరరావుది నందిగామ. బెజవాడ వచ్చి ప్లీడరీ చేశారు. కాంగ్రెసులో చేరి జైలుకెళ్లారు, ఫ్రెంచి విప్లవం గురించి తెలుగులో పుస్తకం రాశారు, విశాలాంధ్ర కోసం ఊరూరా తిరిగారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక శాసనసభకు తొలి స్పీకర్ ఆయనే. 1962లో పోయారు. ఆ తరానికి రాజకీయాల్లోకి దారి కోర్టు గుమ్మం మీదుగానే ఉండేది. నల్లకోటు, గ్రంథాలయం, మునిసిపాలిటీ, జైలు, చివరికి అసెంబ్లీ.

నందిగామ నుంచి వచ్చినవాణ్ని బెజవాడలో ఎవరూ వలస వచ్చాడనరు. యాభై కిలోమీటర్లు వలసేమిటి? కానీ ఈ మార్కెట్ నుంచి సామారంగం చౌక్ వైపు నడిస్తే, మూడు తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినా ఇంకా "మార్వాడీ కొట్టు" అనే పిలిపించుకునే దుకాణాలు వరసగా కనిపిస్తాయి. నేను చెప్పదలచుకున్న వకీలు ఆ దుకాణాల మనిషి. ఇక్కడివాడు మాత్రం కాదు. ఆయన పేరు ఈ పేటలో ఏ బోర్డు మీదా నాకు కనబడలేదు.

బట్టల బజారు పదింటికి గాని నిద్ర లేవదు. బేళ్లు దిగుతాయి, సుతిలి తాళ్లు తెగుతాయి, తెల్ల పరుపుల మీద చీరలు పరుచుకుంటాయి. బయట అరుగు మీద ముఠా కార్మికులు కూచుంటారు, వాళ్ల తల మీద యూనియన్ ఎర్రజెండా. లోపల గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి, వినాయకుడు, అగరొత్తుల పొగ. రెండూ ఒకే గోడకు అటూ ఇటూ. వన్ టౌన్ రాజకీయం తెలుసుకోవాలంటే పుస్తకాలు అక్కర్లేదు, ఆ గోడ చూస్తే చాలు. లెక్కలు రాసే మనిషిని ఇప్పటికీ కొన్నిచోట్ల మునీం అనే పిలుస్తారు. ఎక్కడో ఎడారి ఊళ్లో పుట్టి, సేఠ్ వెంట రైలెక్కి, పరాయి భాష వినిపించే ఊళ్లో బతుకంతా ఎదుటివాడి జమాఖర్చులు రాసిపెట్టిన మనిషి.

అలాంటి ఒక మునీం రాజస్థాన్‌లోని డీడ్వానా నుంచి నాగపూర్ చేరాడు. ఆయన కొడుకు బచ్ఛరాజ్ వ్యాస్ 1916లో నాగపూర్‌లోనే పుట్టాడు, లా చదివాడు, వకీలయ్యాడు. ఆ బచ్ఛరాజ్ వ్యాసే 1965 జనవరిలో, సరిగ్గా ఈ విజయవాడలో, భారతీయ జనసంఘ్ అఖిల భారత మహాసభకు అధ్యక్షుడు.

ఆయన గురించి రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ వర్గాల్లో ఒక కథ చెప్పుకుంటారు. ఇంట్లో మడి, ఆచారం గట్టివి. కుర్రతనంలో సంఘ్ శిబిరానికి వెళ్లినప్పుడు అందరితో కలిసి తినడానికి మనసొప్పలేదు. సంఘ్ స్థాపకుడు డాక్టర్ హెడ్గేవార్ దగ్గర అనుమతి తీసుకుని వేరే పొయ్యి పెట్టుకుని వండుకున్నాడు. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు, బలవంతపెట్టలేదు. మరుసటేడు తనే వచ్చి పంక్తిలో కూచున్నాడు. చెప్పేవాళ్లు దీన్ని సంస్థ గొప్పతనంగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో వలస కుటుంబం కనిపిస్తుంది. సొంత ఊళ్లో ఉన్నవాడికి ఆచారం గాలిలాంటిది, దాని సంగతి పట్టించుకోడు. ఊరు వదిలి వచ్చినవాడు దాన్ని మూటగట్టి తెచ్చుకుంటాడు, కాబట్టి విప్పడానికి భయపడతాడు. ఆ మూట విప్పకుండానే కూచోడానికి చోటిచ్చిన చాపను ఇక వదలడు. వకీళ్లు పార్టీల్లో చేరడం వాదనల వల్లనే అనుకుంటాం గానీ, చాలాసార్లు అది పంక్తిలో దొరికిన చోటు వల్ల.

వ్యాస్ రాజస్థాన్‌లో సంఘ్ ప్రచారక్‌గా పనిచేశారు. తండ్రి బతుకుతెరువు కోసం వదిలిన నేలకు కొడుకు కార్యకర్తగా వెళ్లాడన్నమాట. తర్వాత మళ్లీ నాగపూర్, జనసంఘ్, ఆ మెట్ల మీదుగా అధ్యక్ష పదవి. కాళేశ్వరరావు దారికీ ఈ దారికీ ఎంత తేడా! ఒకరికి ముందు ఊరు దొరికింది, ఊరి నుంచి పార్టీ. రెండోవారికి ముందు సంస్థ దొరికింది, అది ఏ ఊరికి పంపితే ఆ ఊరు.

విజయవాడకు ఇలాంటి మహాసభలు కొత్త కాదు. 1921 మార్చి 31న అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఇక్కడే కూచుంది, పింగళి వెంకయ్య గాంధీకి జెండా చూపించింది అప్పుడే. 1961లో కమ్యూనిస్టు పార్టీ ఆరో మహాసభ ఇక్కడే, చీలికకు ముందు అందరూ కలిసి జరుపుకున్న ఆఖరిది. నాలుగేళ్లకు జనసంఘ్. రైలు జంక్షన్ కావడం ఒక కారణమైతే, ఏ జెండాకైనా పది వేలమందికి అన్నం వండిపెట్టగల ఊరు కావడం ఇంకో కారణమని నా అనుమానం.

ఆ సభకు ముహూర్తం మాత్రం భలే కుదిరింది. 1965 జనవరి 26 నుంచి హిందీ కేంద్ర ప్రభుత్వ ప్రధాన అధికార భాష కావాలి. పక్కన మద్రాసు రాష్ట్రం భగ్గుమంటోంది. హిందీని గట్టిగా కోరే పార్టీ సరిగ్గా ఆ రోజుల్లోనే తెలుగు ఊళ్లో పందిరి వేసింది. నాగపూర్ మార్వాడీ వకీలు అధ్యక్షుడు. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఏకాత్మ మానవతావాదం పునాదిగా పార్టీ సిద్ధాంత పత్రాన్ని ఆమోదించింది ఇక్కడే. ఆ ఏప్రిల్‌లో బొంబాయిలో ఉపాధ్యాయ ఇచ్చిన ఉపన్యాసాలను అందరూ గుర్తుంచుకున్నారు, విజయవాడను చాలామంది మరిచిపోయారు. అదే ఏడు దక్షిణాదిలో ఇంకో వకీలు, మధురైలో పుట్టిన జనా కృష్ణమూర్తి, ప్రాక్టీసు వదిలేసి జనసంఘ్ పనిలో దిగారు. 2001లో ఆయన జనసంఘ్ వారసురాలైన బీజేపీకి అధ్యక్షుడయ్యారు. ఆయన వెనకే వచ్చిన వెంకయ్యనాయుడుదీ లా డిగ్రీయే. మన అవసరాల రామారావు 1961లోనే జనసంఘ్ అధ్యక్షుడన్న సంగతి ఇప్పుడు ఎంతమందికి తెలుసు?

అయినా అప్పటి కృష్ణా డెల్టాలో సంప్రదాయ పక్షమంటే జనసంఘ్ కాదు, స్వతంత్ర పార్టీ. 1959లో కాంగ్రెస్ నాగపూర్ సభలో సహకార వ్యవసాయ తీర్మానం చేసింది. భూమి పోతుందని రైతు బెదిరాడు, నిడుబ్రోలు రంగా గారు రాజాజీతో కలిసి కొత్త పార్టీకి నాయకుడయ్యారు. 1967లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో స్వతంత్రకు 29 సీట్లు, జనసంఘ్‌కు 3. మాగాణి రైతుకు కావలసింది పొలానికి భద్రత, అది రంగా గారి దగ్గర దొరికింది. తాత్విక గ్రంథం ఎవడికి కావాలి? మన పత్రికలు ఈ పార్టీలన్నిటినీ కలిపి "మితవాద" అంటూ వచ్చాయి. అదే మాట 1907లో గోఖలే లాంటి మెతకవాళ్లకు వాడారు. ఒకే సంచిలో ఇన్ని కాయలు ఇమడవు.

ఇక వన్ టౌన్ ఓటు సంగతి. విజయవాడ పశ్చిమలో 1967లో గెలిచింది కాంగ్రెస్ అభ్యర్థి మరుపిళ్ల చిట్టి, చిట్టినగర్ ఆయన పేరే. తర్వాత చాలాసార్లు కాంగ్రెసూ కమ్యూనిస్టులూ ఈ సీటును చేతులు మార్చుకుంటూ వచ్చారు. 1994లో, 2004లో సీపీఐ. ముస్లింలు గెలిచారు, నగరాల కులస్థులు గెలిచారు, రాజులు గెలిచారు, ఆర్యవైశ్యులు గెలిచారు. ఆ జాబితాలో మార్వాడీ పేరు లేదు. 2014లో బీజేపీ తరఫున వెల్లంపల్లి శ్రీనివాస్ సుమారు మూడు వేల ఓట్ల తేడాతో జలీల్‌ఖాన్ చేతిలో ఓడారు. అయిదేళ్ల తర్వాత వైఎస్సార్‌సీపీ నుంచి ఆయనే గెలిచి మంత్రయ్యారు. 2024లో బీజేపీ నుంచి సుజనా చౌదరి గెలిచారు, పొత్తు గాలిలో, భారీ ఆధిక్యంతో. జనసంఘ్ మహాసభ జరిగిన 59 ఏళ్లకు కమలానికి ఈ సీటు దక్కింది. గెలిచినాయన వకీలు కాదు, పారిశ్రామికవేత్త. నల్లకోట్ల కాలం ఇక్కడ ముగిసిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కోర్టులు కూడా కాలువ అవతలే ఉన్నాయి. 2022 ఆగస్టులో జస్టిస్ ఎన్.వి.రమణ ప్రారంభించిన కొత్త కోర్టు భవనాలకు వెళ్లాలంటే వన్ టౌన్ మనిషి రైలు పట్టాలు దాటి పోవాల్సిందే.

వలస ఇంటి నుంచి లా కాలేజీ, అక్కణ్నుంచి స్థానికుల జెండా మోసే పార్టీ అన్న దారి నాగపూర్‌తో ఆగలేదు. తణుకు దగ్గర వడ్లూరు వాళ్లు తమ ఊరి పిల్లగా చెప్పుకునే చిలుకూరి ఉష కాలిఫోర్నియాలో తెలుగు దంపతులకు పుట్టి, యేల్‌లో లా చదివి, న్యాయమూర్తులు బ్రెట్ కవనా దగ్గరా, జాన్ రాబర్ట్స్ దగ్గరా క్లర్క్‌గా పనిచేసింది. ఒకప్పుడు డెమోక్రాట్ ఓటరు. 2025 జనవరి నుంచి అమెరికా రిపబ్లికన్ ఉపాధ్యక్షుడి భార్య. ఆమె రాజకీయ నాయకురాలు కాదు, ఆ గీత చెరపకూడదు. చండీగఢ్‌లో పుట్టిన హర్మీత్ ధిల్లాన్ మాత్రం నాయకురాలే. కాలిఫోర్నియాలో వకీలుగా పేరు తెచ్చుకుని, 2023లో రిపబ్లికన్ జాతీయ కమిటీ పీఠానికి పోటీ చేసి ఓడింది. పార్టీలో ఎంత ఎత్తుకెదిగినా, వలసలను తెగిడే సభలో వలస ఇంటి బిడ్డ లేచి నిలబడితే చప్పట్లు కాస్త ఎక్కువ మోగుతాయి. ఆ ఎక్కువే నన్ను ఇబ్బంది పెడుతుంది.

వస్త్రలత దగ్గర ఒక కొట్లో గుమస్తాతో మాట్లాడాను. నలభై దాటిన మనిషి. తాత మార్వార్ నుంచి వచ్చాడట. బెజవాడ యాసలో, అక్షరం తేడా లేకుండా తెలుగు. 1965 సభ సంగతి చెబితే ఆశ్చర్యపోయాడు. "మునీం గారబ్బాయా? ఇక్కడా?" అని రెండుసార్లు అడిగాడు. పేరు ఒక చీటీ మీద దేవనాగరిలో రాసుకున్నాడు. "మరి మన వన్ టౌన్‌లో ఆయన పేరు మీద ఏం లేదేంటండీ?" అన్నాడు. ఆయన మీకేమీ కాడు కదా, వచ్చాడు, సభ చేశాడు, వెళ్లిపోయాడు అన్నాను. "మార్కెట్ పేరు మాత్రం ఎవరికేమవుతుందండీ" అంటూ చీటీ మడిచి రసీదు బుక్కులో పెట్టాడు. ఇంతలో ఏలూరు నుంచి వచ్చిన బేరగాడు గట్టిగా పిలిచాడు.